ఓడలో మేలుకున్న ఫోను

"వీడియోలు వాటంతటవే దిగకుండా కట్టేశావా? ఏదీ, ఇలా ఇయ్యి చూస్తాను. అబ్బా! అన్నీ బార్లా తెరిచి పెట్టుకుని తిరుగుతున్నావు కదయ్యా నాయుడూ, తలుపుల్లేని కొంపలాగా. ఫోటోలు తెరిచే ఉన్నాయి, పాటలు తెరిచే ఉన్నాయి. ఇదేమిటి, ఈ ఆటల బొమ్మ? నువ్వు పడుకున్నాక ఇది లేచి నీ డేటా తాగుతుంది, తెలుసా?"

తరైవిని అక్క నా ఫోను లాక్కుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, తెరని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే మూసేస్తోంది. చాపలల్లే వేళ్ళు ఆవిడవి. మొగలాకుని సన్నగా చీల్చినట్టే ఫోను మీద కూడా గోటితోనే గీస్తుంది. ముందు తెర పగులుతుందేమోనని భయం వేసింది గానీ అడ్డుకోలేదు. అడ్డుకునేలా లేదు ఆవిడ.

"మ్యాపు ఎప్పుడూ ముందే దింపుకోవాలి. సువా పట్నంలో వైఫై దొరికినప్పుడే దింపి దాచుకుంటే నడిసముద్రంలో చుక్క ఖర్చు లేకుండా తెరుచుకుంటుంది. నాకు అప్పట్లో ఆ ముక్క చెప్పినవాళ్ళు లేరు."

ఒడ్డున అక్క భర్త పెనియాసి బావ పడవలోకి పెట్రోలు డబ్బాలు ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది. పగడపు దిబ్బకి అవతల ఓడ ఆగి ఉంది. నన్ను ఓడ ఎక్కించి, ఆయన అటునుంచి అటే పక్క దీవికి పోయి, పాస్టరుగారి వంటింటికి రేకులు పడవలో వేసుకుని, పొద్దుగూకేలోగా తిరిగి రావాలి.

"అదే ఇంజనా అక్కా?" అన్నాను.

"అదే. లోపల గొట్టం మార్పించాడు, ఏవో కడిగించాడు. ఏం చేయిస్తేనేం, ఆ చప్పుడు తగ్గినప్పుడల్లా నాకు ఊపిరందదు." గుమ్మంలోంచి ఒడ్డువైపు చూసి, మళ్ళీ నా ఫోను మీదికి వంగింది. "ఆకాశం బాగానే ఉంది. ఆ రోజు కూడా బాగానే ఉంది."

దీవుల మీద సోలారు దీపాలు బాగుచేసుకుంటూ అదే ఓడలో తిరుగుతుంటాను నేను. ఆ రోజు సంగతి ఓడలో ముక్కలు ముక్కలుగా చాలామంది నోట విన్నాను. ఒకడు పంది దగ్గర మొదలుపెడతాడు, ఇంకొకడు రగ్బీ దగ్గర. ఆవిడ నోట వినడం మాత్రం అదే మొదలు.

తరైవిని అక్కది చాపల పని. మొగలాకు కోసి, ముళ్ళు తీసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, అల్లి, చుట్టలు చుట్టి సువాకి మోసుకెళ్తుంది. వెళ్ళేటప్పుడు చాపలు, వచ్చేటప్పుడు ఊరందరి సామాను. ఒకరికి పొయ్యి వత్తులు, ఒకరికి మోకాళ్ళనొప్పుల మందు, ఇంకొకరికి చర్చికి వేసుకునే తెల్లచొక్కా. ఈ దరావు దీవిలో ఫోను కార్డులు అమ్మేవాళ్ళు లేరు. సిగ్నలు కూడా చర్చి వెనక కొండ మీదే, గాలివాటంగా. సువాలో వేయించుకున్న డేటా మళ్ళీ సువా వెళ్ళేదాకా రావాలి. చాపల ఫోటోలు కొనేవాళ్ళకి పంపాలన్నా, పెళ్ళికి ఎంత పెద్ద చాప కావాలో కనుక్కోవాలన్నా అదే. అందుకే ఆవిడ ఫోను బిస్కట్ల రేకుడబ్బాలో, గుడ్డలో చుట్టుకుని పడుకుంటుంది. ప్రయాణాల్లో అయితే మరీను.

ప్రయాణంలో డేటాకి వచ్చే గండం పాటల వల్లా వీడియోల వల్లా కాదు, పక్కన కూర్చున్న మనిషి వల్ల. ఇక్కడ ఎవరైనా "కెరెకెరె", అంటే కాస్త ఇప్పించు అని, చెయ్యి చాపితే లేదనడం ఉండదు. ఉన్నది ఇవ్వాలి. ఇవ్వకుండా తప్పించుకోవాలంటే ఉన్న దారి ఒక్కటే, లేకపోవడం. ఉండీ లేదన్నవాణ్ణి చాటుతిండి మనిషి అంటారు. తాగుబోతు అన్నా సహిస్తారు గానీ ఆ మాట సహించరు.

"ఆ రోజు సాయంత్రం ఏమిటనుకున్నావు, రగ్బీ సెవెన్సు ఫైనలు!" అంది అక్క. "మనవాళ్ళు ఆడుతున్నారు. ఓడలో మేకులు కూడా ఆ ఆట చూడాలని గింజుకుంటున్నాయి. సువా రేవు దాటగానే వైసాకే లేచాడు."

వైసాకేది కందవు దీవి. తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు రాదు, అంత మనిషి. కందవు వాళ్ళకీ ఈ దరావు వాళ్ళకీ తవూ. ఏనాటి దేవుళ్ళో చుట్టాలయ్యారట, అప్పటినుంచి ఈ రెండు దీవులవాళ్ళు ఎదురుపడితే ఎంతైనా తిట్టుకోవచ్చు, ఒకరి సామాను ఇంకొకరు అడక్కుండా ఎత్తుకుపోవచ్చు. పోయినవాడు నవ్వాలి. కోపం తెచ్చుకుంటే తప్పు వాడిదే.

వైసాకే డెక్కు మీద పరిచిన చాపల మధ్య నడుస్తూ ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు, "కెరెకెరె, డేటా ఉందా? ఫోను ఇటు పెడితే అందరం చూస్తాం." ఒక్కొక్కరూ మొహం వేలాడేస్తున్నారు. అయిపోయింది బాబాయ్. మొన్ననే అయిపోయింది. మా మనవడు మొత్తం తాగేశాడు. పాస్టరుగారి భార్య అయితే కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళిపోయింది.

తరైవిని ఎదురుగా వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఏమే దరావు పీతా, డొప్పలో ఎంత దాచావు?"

"చుక్క లేదురా కందవు గబ్బిలమా. రేవులోనే అయిపోయింది."

"బజారులో కార్డు గీకుతుంటే చూశానే?"

"మా ఆడపడుచుకి వేశాను."

"ఇసా, పాపం! ఎంత మంచి వదినవే! ఆడపడుచు పేరేమిటి?"

"పేరు చెబితే పోయి దాన్ని అడుక్కుంటావు. చెప్పను ఫో."

వైసాకే పడీపడీ నవ్వాడు. లేచి, కెప్టెను గదివైపు తిరిగి, "కెప్టెనూ! ఓడ వెనక్కి తిప్పు! అందరూ బీదవాళ్ళే ఎక్కారు, చందాలు పోగుచేసుకొద్దాం!" అని కేకేశాడు. కెప్టెను లివై తన గదిలోని రేడియో గట్టిగా పెట్టాడు. చూసే భాగ్యం లేకపోతే వినైనా వినండని.

డబ్బాలో డేటా నిండుగా ఉంది. చిన్న కార్డే అయినా, పొద్దున్న వేయించుకున్నది వేయించుకున్నట్టే ఉంది. అక్క ఫోనుని ఫ్లైటు మోడులో పెట్టి, డబ్బా మూత బిగించి, చాపచుట్టల కింద తోసి, దాని మీద కూర్చుంది. పెద్ద ఒళ్ళు కాబట్టి ఎవరూ కదిలించలేరు.

"తప్పుగా అనిపించలేదా అక్కా?"

"తప్పేమిటి? ఇచ్చేస్తే ఆట అయ్యేలోగా ఆవిరైపోతుంది. తరవాత మళ్ళీ సువా వెళ్ళేదాకా నేనేం చేసుకోను? అయినా అందరికీ నిజంగానే లేదనుకున్నాను. ఓడ మొత్తం మీద దొంగని నేనొక్కదాన్నే అనుకున్నాను. అది గుచ్చుతూనే ఉంది."

పొద్దు వాలుతుండగా గావు దీవి కొండ కనిపించింది. అక్కడ కాసేపు సిగ్నలు వస్తుంది, ఆ తరవాత ఉండదు. రోజూ ఆ వేళకి పెనియాసి కొండెక్కి ఒక ముక్క పంపిస్తాడు. పెద్ద విషయమేం కాదు. చేప దొరికిందనో, దుంపలు మాడ్చాననో. అక్క చెయ్యి చాపచుట్టల కిందికి వెళ్ళింది. డబ్బా మూత చల్లగా తగిలింది. ఎదురుగా వైసాకే కమ్మీకి ఆనుకుని రేడియో వింటూ ఇటే చూస్తున్నాడు.

"తెరిచానంటే టింగుమంటుంది. టింగుమంటే దొరికిపోతాను. ఓడంతా పాట కట్టి పాడుతుంది, చాటుతిండి తరైవిని అని. ఈయన ముక్క రేపు ఒడ్డు మీద ఆయన నోటే వింటాలే అనుకున్నాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను."

ఆ ముక్క ఏమిటో అప్పటికి ఆవిడకి తెలియదు. చెప్పుకోవాలంటే పొద్దుటి నుంచి చెప్పుకోవాలి.

ఆ ఉదయం పెనియాసి ఒక ఆడపందిని తేవడానికి ఒంటరిగా పక్క దీవికి వెళ్ళాడు. తిరిగి వస్తుంటే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోల్లో నీళ్ళు చేరాయి. లంగరు వేస్తే తాడు అయిపోయింది గానీ అడుగు తగల్లేదు. ఆగ్నేయం గాలి పడవని నెట్టుకుంటూ పోయింది. పగలంతా తెడ్డు వేశాడు. దరావు కొండ చిన్నదై, మబ్బులో కలిసిపోయింది. పొద్దుగూకే వేళకి గావు దీవి దూరంగా కనిపించింది. ఫోన్లో ఛార్జింగు అడుగంటుతోంది. సిగ్నలు ఒక్క గీత వచ్చి పోతోంది. మాట్లాడదామంటే తెగిపోతోంది. అప్పుడు ఓడ కనిపించింది. భార్య వస్తున్న ఓడే.

అందుకే ఇంకెవరికీ పెట్టలేదు. ఊరికి పెడితే కొండ మీద ఎవరుంటారు చూడటానికి? ఓడలో ఉన్నది తరైవిని. అక్కడినుంచి కెప్టెను గది పిలుపు దూరం. ఉన్న చోటు గుర్తుతో ఒక లింకు పంపి, కింద రాశాడు. "ఇంజను చచ్చింది. నీ ఓడ దీపాలు కనిపిస్తున్నాయి. కెప్టెనుకి చెప్పు."

పంపి, టార్చిలైటు తీసి ఊపాడు.

ఓడ మీద అందరూ అవతలివైపు, కెప్టెను గది దగ్గర మూగి ఉన్నారు. రేడియోలో మనవాళ్ళు గెలిచారు. ఒకళ్ళనొకళ్ళు ఎత్తుకుని గంతులేస్తున్నారు. "మేం గెలిచామని అరుస్తున్నాం, నాయుడూ. ఆయన ఇటు రమ్మని అరుస్తున్నాడు," అంది అక్క. ఒడ్డునుంచి పెనియాసి, "ఏవమ్మా, నాయుణ్ణి వదులుతావా, కాపరం పెట్టిస్తావా అక్కడే?" అని కేకేశాడు. "వస్తున్నాడు, ఆగు! డబ్బాల మూతలు చూసుకో!" అని ఆవిడ తిరిగి కేకేసింది.

దరావు దిబ్బ దగ్గరికి చీకట్లో ఏ కెప్టెనూ వెళ్ళడు. దారిలో ఒక చిన్న దీవి చాటున లివై లంగరు వేసి, తెల్లవారుతుండగా కదిలాడు. దిబ్బ బయట ఓడ ఆగింది. సామాను దింపుకోవడానికి ఊరి పడవలు వచ్చాయి. అక్క చాపచుట్టలు కట్టుకుని కమ్మీ దగ్గర నిలబడింది. ఎమోసి పడవ వచ్చింది. దాని వెనక ఇంకో పడవ. పెనియాసిది రాలేదు.

"మా ఆయనేడీ ఎమోసీ? ఇంకా గురకపెడుతున్నాడా?"

ఎమోసి పైకి చూశాడు. "నిన్న పొద్దున పందికోసం పోయాడు వదినా. గాలి ఎక్కువుంది కదా, అక్కడే పడుకున్నాడనుకున్నాం. నీకేమన్నా చెప్పాడేమోనని నేనే అడుగుదామనుకుంటున్నాను."

అక్క డెక్కు మీదే చతికిలబడి డబ్బా మూత లాగింది. అది ఉప్పుగాలికి బిగుసుకుంది. పళ్ళతో లాగింది. అందరూ చూస్తున్నారని గుర్తులేదు. ఫ్లైటు మోడు తీసింది. ఓడ ఆగే ఆ చోట సిగ్నలు బాగానే అందుతుంది. ఫోను ఒక్కసారి వణికింది. మళ్ళీ వణికింది. ఇక ఆగలేదు.

"ఏం దిగాయనుకున్నావు? మా మేనమామ పెట్టిన కుటుంబం గ్రూపుంది. అందులోంచి బయటికి పోతే ఆయన్ని కొట్టినట్టే. లౌతోకాలో మా పిల్లలు గెలిచామని రోడ్డు మీద గంతులు, అదొక వీడియో. సువాలో ఇంకో వీడియో. పాటల బృందం వాళ్ళది పెద్ద వీడియో. తలుపు మూస్తే చాలనుకున్నాను. తీయగానే తోసుకొచ్చేవాళ్ళ సంగతి ఆలోచించలేదు. కట్టెయ్యడం తెలియదు నాకు. వేళ్ళతో నొక్కుతున్నాను, ఆగమంటున్నాను, అవి దిగుతూనే ఉన్నాయి. అన్నిటి వెనకా ఈయనది వచ్చింది. నిన్న సాయంత్రంది."

రాసిన మాటలు కనిపించాయి. "నీ ఓడ దీపాలు కనిపిస్తున్నాయి." లింకు నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది. డేటా అయిపోయిందని కంపెనీవాళ్ళ సందేశం వచ్చింది.

నిన్న సాయంత్రం నుంచి రాత్రంతా గాలి. ఆయన ఎక్కడున్నాడో ఆ లింకులో ఉంది. ఆ లింకు ఆవిడ చేతిలో ఉంది. తెరుచుకోదు.

లేచి నిలబడింది. డెక్కు మీద అందరూ పని ఆపి చూస్తున్నారు.

"కెరెకెరె," అంది. ఫోను పైకెత్తి పట్టుకుని మళ్ళీ అంది. "మా ఆయన సముద్రం మీద చిక్కుకుపోయాడు. ఎక్కడున్నాడో ఇందులో రాశాడు. తెరవడానికి డేటా లేదు. నిన్న ఉంది. నిన్న అడిగితే లేదన్నాను, ఉంది. నిండుగా ఉంది. ఇవాళ నిజంగా లేదు. ఎవరి దగ్గరన్నా ఉంటే ఇవ్వండి."

ఎవరూ కదల్లేదు. ఆవిడ వైసాకే మొహం చూడలేకపోయింది. ఓడలో అందరి ఫోన్లూ ఖాళీ అని నిన్న వాడే చాటింపు వేశాడు కదా. ఎవరిస్తారు?

ముందు వైసాకేయే వంగాడు. నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ మడతలోంచి ప్లాస్టిక్కు సంచిలో చుట్టిన ఫోను తీశాడు.

"ఇందా పీతా. దీనిలో ఉంది."

"నీ దగ్గర ఉందా?"

"నిన్న కూడా ఉంది," అన్నాడు వైసాకే నేలచూపులు చూస్తూ. "మీ డేటాతో ఆట చూద్దామని, నాది దాచుకుందామని."

అప్పుడిక ఓడంతా కదిలింది. బియ్యం బస్తా మూతి విప్పి ఒకాయన ఫోను తీశాడు. ఒకావిడ పసిపిల్ల గుడ్డల్లోంచి తీసింది. రొట్టెల సంచిలోంచి ఒకటి, కోళ్ళ బుట్ట అడుగునుంచి ఒకటి. పాస్టరుగారి భార్య జాకెట్టులోంచి తీసి, ఎవరి మొహమూ చూడకుండా, "నా దాంట్లో ఎక్కువే ఉందమ్మా," అంది. నిన్న రేడియో చుట్టూ మూగిన ఓడలో ఉన్న ఫోన్లన్నీ నిండుకుండలే. అందరూ డబ్బాల మీద కూర్చున్నవాళ్ళే.

ఆ నిమిషంలో ఎవరూ నవ్వలేదు. తరవాత మాత్రం తలుచుకుని ఏళ్ళ తరబడి నవ్వుతూనే ఉన్నారు.

వైసాకే హాట్‌స్పాట్ పెట్టాడు. చక్రం తిరిగి, ఆగి, నీలం సముద్రం తెరుచుకుంది. మధ్యలో ఎర్రగుర్తు. ఫోను పట్టుకుని కెప్టెను గదిలోకి పరిగెత్తారు. లివై తన మ్యాపు మీద ఆ చోట వేలు పెట్టాడు.

"ఇది నిన్న సాయంత్రం. మనం దీని పక్కనుంచే వచ్చాం."

"తెలుసు."

"ఇప్పుడిక్కడ ఉండడు తల్లీ. రాత్రంతా గాలి ఇటు తోసింది." వేలు మెల్లగా జరుపుకుంటూ గావు దీవి అంచుదాకా తెచ్చాడు. అక్కడ ముళ్ళకంపలాగా గీసి ఉంది. అది గావు వెలుపలి దిబ్బ. "ఇక్కడికి చేరకముందే పట్టుకోవాలి. ఇక్కడ అల విరుగుతుంది. చెక్కపడవ అయితే..." మిగతాది చెప్పలేదు. ముందు దీవుల్లో సామాను కోసం జనం ఎదురుచూస్తున్నారని ఎవరో అన్నారు. లివై వినిపించుకోకుండా ఓడ తిప్పాడు.

వెనక్కి వెళ్ళిన ఆ ప్రయాణం గురించే అక్క తక్కువ మాట్లాడింది. మిగతావాళ్ళు చెప్పిందాన్నిబట్టి రాస్తున్నాను. అందరూ రెండు కమ్మీల వెంటా నిలబడి నీళ్ళు చూస్తున్నారు. తెల్లగా ఏది కనిపించినా ఒకడు అరుస్తాడు. అది నురుగే అవుతుంది. అక్క మాత్రం నీళ్ళు చూడలేదు, ఫోనే చూస్తోంది. ఆయన మళ్ళీ పంపిస్తే ఆ నంబరుకే పంపించాలి. అందుకని ఆ ఒక్క ఫోను చావకూడదు. వైసాకే డేటా మీద దాన్ని నడిపారు. మధ్యలో సిగ్నలు లేని నీళ్ళు వచ్చాయి. పోయిందనుకున్నారు. మళ్ళీ ఒక గీత వచ్చింది. వైసాకే డేటా అయిపోతే కోళ్ళబుట్ట ఆయనది కలిపారు. అది అయిపోతే పాస్టరుగారి భార్యది. ఎవరిదో ఛార్జింగు డబ్బా తెచ్చి తగిలించారు. అడగకుండానే ఒకళ్ళ వెనక ఒకళ్ళు వరస కట్టారు.

గావు కొండ పెద్దదవుతోంది. ఎండ ఎక్కింది. ఫోను టింగుమంది.

"గావు దిబ్బ చప్పుడు వినిపిస్తోంది. లంగరు అందట్లేదు. పంది బతికే ఉంది." కింద కొత్త లింకు.

రాత్రి ఛార్జింగు మిగుల్చుకోవడానికి పెనియాసి తన ఫోను కట్టేసి పెట్టుకున్నాడు. తెల్లవారాక, కొండ దగ్గరపడ్డాక తెరిచాడు. ఈవిడ తిరిగి పంపిన మాట ఆయనకి చేరలేదు. ఫోను అప్పుడే చచ్చిపోయింది. వస్తున్నారని తెలియకుండానే ఆ దిబ్బ వైపు కొట్టుకుపోతున్నాడు.

కొత్తగుర్తు ముళ్ళగీతకి ఆనుకునే ఉంది. లివై ఓడని ఆ వైపు నడిపాడు. ముందు కనిపించింది చొక్కా. తెడ్డుకి కట్టిన తెల్లచొక్కా, పైకి లేస్తూ, మాయమవుతూ. దాని వెనక ఆకుపచ్చ నీళ్ళు, ఆ వెనక తెల్లగా విరుగుతున్న అల. ఓడ అంతకన్నా దగ్గరికి పోలేదు. చిన్నపడవ దింపారు. నావికుడితో పాటు వైసాకే దూకాడు.

"వాడు దూకితే పడవ మునుగుతుందని ఎవరో అరిచారు. ఎవరూ నవ్వలేదులే," అంది అక్క. "రెండుసార్లు తాడు విసిరారు. రెండుసార్లూ నీళ్ళలో పడింది. అల ఈయన పడవని ఎత్తి చూపించింది నాకు, లోపలున్న పందితో సహా. మూడోసారి తాడు అందింది. లాగుతున్నారు. ఆ వెనకే అల విరిగింది. నాకు నీళ్ళు తప్ప ఏం కనపడలేదు. తరవాత పంది అరుపు వినిపించింది. నాయుడూ, పంది అరుపు అంత తియ్యగా ఉంటుందని ఎవరన్నా చెబితే నమ్ముతావా?"

ఇంటి వెనక నీడలో గురకపెడుతున్న ముసలి ఆడపంది అదే. దాన్ని ఏ పెళ్ళికీ కోయనివ్వలేదు. పిల్లలు దానికి డేటా అని పేరు పెట్టారు.

పెనియాసిని పైకి లాగి కూర్చోబెట్టారు. పెదాలు పగిలి, అరచేతులు పచ్చి పుండ్లయి ఉన్నాయి. కొబ్బరినీళ్ళు తాగించారు. కాసేపటికి భార్యవైపు చూసి, "నిన్న మీ ఓడ నా పక్కనుంచే వెళ్ళింది," అన్నాడు. తిట్టినట్టు కాదు. జరిగింది చెప్పినట్టు.

ఆవిడ అందరి ముందూ చెప్పేసింది. "ఫోను మూసి పెట్టాను. డేటా మిగుల్చుకుందామని."

ఆయన కాస్త ఆలోచించాడు. "మిగిలిందా?" అన్నాడు.

ఆ ఒక్కమాటకి ఓడంతా నవ్వింది. ఆవిడ ఒక్కతే ఏడ్చింది. ఆ తరవాత ఆయన దాని గురించి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదని ఇప్పటికీ అంటుంది అక్క. ఇంట్లో ఉప్పు అయిపోయినా, సబ్బు అయిపోయినా, "మిగిలిందా?" అని మాత్రం అడుగుతాడు. అప్పుడు చేతిలో ఉన్నది విసిరికొడుతుంది.

వైసాకే ఆ పూట ఓడ దిగేముందు ఆవిడ చాపల్లో అన్నిటికన్నా మంచిది, ఎర్ర ఉన్నికుచ్చులు వేసింది, చంకన పెట్టుకుని అడక్కుండా వెళ్ళిపోయాడు. "తవూ కదా, నేనేమనాలి? దొంగ గబ్బిలమా అన్నాను. నా చాటుతిండికి జరిమానా అన్నాడు. మరి నీ చాటుతిండికో అన్నాను. దూకాను కదే అన్నాడు." అక్క నవ్వి, ముక్కు తుడుచుకుంది.

అప్పటినుంచి ఆ ఓడలో ఒక పద్ధతి వచ్చింది. ఎవరూ పెట్టిన రూలు కాదు. ఓడ ఏ రేవు నుంచి కదిలినా ఒక ఫోను ఎంచుతారు. మిగతావాళ్ళు తమవి హాయిగా మూసుకుని డేటా దాచుకోవచ్చు. ఎవరూ కెరెకెరె అని అడగరు. ఆ ఒక్కటి మాత్రం దారి పొడుగునా తెరిచి ఉండాలి. దాన్ని మేలుకున్న ఫోను అంటారు. సముద్రం మీదికి పోయే ప్రతి పడవవాడూ దాని నంబరు రాసుకుంటాడు. దాని డేటా అయిపోతే పక్కవాడు కలుపుతాడు.

ఒడ్డున ఇంజను అంటుకుంది. ఒకసారి దగ్గింది. అక్క తల పక్కకి వంచి, ఊపిరి బిగబట్టి వింది. చప్పుడు సమంగా వచ్చాక లేచి, దాలో దుంపలూ చేపా కట్టిన ఆకుపొట్లం నా సంచిలో పెట్టింది. నా ఫోను ఇంకా ఇవ్వలేదు. సంచి భుజాన వేసుకుని చెయ్యి చాపాను.

"ఇస్తాను. విను. ఇవాళ ఓడలో మా ఊరివాళ్ళెవరూ లేరు, అందుకే మేలుకున్న ఫోను నీదే. పెనియాసికి నీ నంబరిచ్చాను, ఆయన పొద్దున్నే రాసుకున్నాడు. అనవసరమైనవన్నీ కట్టేశాను నీ దాంట్లో, మెసేజీలు వచ్చే దారొక్కటి వదిలాను. మ్యాపు కూడా లేదు నీకు, లింకు వస్తే వెంటనే కెప్టెనుకి చూపించు. గావు దాటేదాకా, ఆయన ఒడ్డు చేరానని నీకు పెట్టేదాకా మూయకు. నిద్రొచ్చినా మూయకు. డేటా అయిపోతే వైసాకే ఆ ఓడలోనే ఉంటాడు, అడుగు. లేదంటాడు. నడుం దగ్గర తడిమి చూడు. కెరెకెరె తమ్ముడూ, వెళ్ళు."